నేరేడు చెట్టు ఉయ్యాల

నా చిన్నప్పుడు పాకాలలో మా పక్కింటి పెరట్లో ఉయ్యాల ఉండేది. మా పెరట్లో మొద్దు ఉండేది.

ఆ మొద్దు అంతకు ముందు ఏడాది దాకా మామిడిచెట్టు. ఒకరోజు మా తాతయ్య మచ్చుకత్తిని తిరగేసి, కుండ కొనేటప్పుడు తట్టి చూసినట్టు మాను చుట్టూ తట్టుకుంటూ వచ్చి, మొదట్లో లేచిన పుట్టగొడుగుల దగ్గర ఆగాడు. నన్ను పిలిచి చెవి ఆనించమన్నాడు. "ఆడ గట్టిగా పలికింది గదా. ఈడ విను, బోలుగా ఉండాది. ఆకు పచ్చగా ఉండాదని నమ్మేదానికి లేదు." వారం తిరక్కుండా కొట్టించేశాడు. దాని కొమ్మకే నాకు ఉయ్యాల కడతానని తాతయ్య అన్న మాట చెట్టుతోనే పోయింది.

పక్కింటి పిల్ల నా తరగతే. వాళ్ల నాయన నేరేడు చెట్టుకు మోకు వేసి, టేకు పీటతో ఉయ్యాల కట్టాడు. వీధిలో పిల్లలంతా అక్కడే. ఆ పిల్ల ఒక్కొక్కరికి పది ఊపులు లెక్కపెట్టి ఇచ్చేది. నాకు మాత్రం తొమ్మిదికే "అయిపోయింది, దిగు" అనేది. ఎదురు చెప్పే పిల్లను కాను నేను. ఇంటికొచ్చి మొద్దు మీద కూర్చుని కథల పుస్తకం తెరిచేదాన్ని. గోడవతల మోకు కిర్రుమంటుంటే ఒక్క వాక్యం కూడా ముందుకు సాగేది కాదు.

వానలు పడ్డాయి. ఒక సాయంత్రం నా వంతు కోసం నిలబడి ఉండగా నేరేడు మొదట్లో పుట్టగొడుగులు కనిపించాయి. మా మామిడి కింద లేచినవాటి లాంటివే. అందరూ వెళ్లిపోయాక రాయి తీసుకుని తట్టాను. ఒకవైపు గట్టిగా, ఇంకోవైపు బోలుగా.

చెప్పలేదు. చెబితే కుళ్లుతో అంటోందనుకుంటారని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి వేరే. వాళ్ల పెరట్లోనూ ఒక మొద్దు మిగలాలని నా కోరిక. ఎవరూ లేనప్పుడు, దానంతట అదే పడిపోతే బాగుండునని రోజూ పడుకునే ముందు అనుకునేదాన్ని.

నాలుగో రోజు మధ్యాహ్నం గోడ మీంచి చూస్తే, ఆ పిల్ల రెండేళ్ల చెల్లెల్ని ఒళ్లో పెట్టుకుని ఊగుతోంది. చిన్నది కిలకిలా నవ్వుతోంది. పరుగెత్తుకెళ్లి, అన్నం తింటున్న తాతయ్యతో చెప్పాను. ఆయన ముద్ద కంచంలోనే వదిలి, ఎంగిలి చేత్తోనే వెళ్లాడు.

"బిడ్డను ఎత్తుకుని దిగు తల్లీ. ఊపొద్దు, మెల్లిగా."

వాళ్ల నాయన బయటికొచ్చి నవ్వాడు. "ఏం పెద్దాయనా, మీ చెట్టు కొట్టేసినారు, ఇప్పుడు మా దాని మీద పడినారా?"

"నేను గాదప్పా, మా పిల్ల కనిపెట్టింది. సెవి పెట్టి విను." అని రాయి నా చేతికిచ్చాడు తాతయ్య. నేను తట్టాను. వాళ్ల నాయన మానుకు చెవి ఆనించాడు. మొహంలో నవ్వు పోయింది. ఇంకోసారి తట్టమన్నాడు. తర్వాత మోకు విప్పేశాడు.

మర్నాడు మనుషులొచ్చి కొమ్మలకు తాళ్లు కట్టి, పైనుంచి ఒక్కొక్కటే కోసి దించారు. మాను లోపల పిడికిళ్ల కొద్దీ నల్లటి పొడి, చీమలు. పక్కింటి పిన్నమ్మ చిన్నదాన్ని గుండెకు హత్తుకుని, "నువ్వు ఎప్పుడు సూసినావమ్మా?" అని అడిగింది నన్ను. నేను తల వంచుకుని కింద పాకే చీమలను చూస్తూ నిలబడ్డాను.

"సూడంగానే వచ్చి సెప్పింది" అన్నాడు తాతయ్య.

ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటూ, నా వైపు చూడకుండా అడిగాడు. "ఎన్నాళ్లయింది?"

"నాలుగు రోజులు."

ఆయన చెంబు పక్కన పెట్టాడు. "ఉయ్యాల కడతానని కట్టలేదు. అది నా తప్పు" అన్నాడు. తిట్టి ఉంటే ఆ రోజే మర్చిపోయేదాన్నేమో.

ఆ పిల్ల ఉయ్యాల పీట తెచ్చి నాకిచ్చింది. "నీ వల్లే గదా" అంది. ఒక్కసారి కూడా దాని మీద కూర్చోలేకపోయాను. ఇప్పుడు ఒళ్లో పెట్టుకుని డైరీ రాసేది ఆ పీట మీదే. ఎవరి పెరట్లోనైనా పచ్చటి చెట్టు కింద పిల్లలు ఆడుతుంటే చెయ్యి దానంతట అదే మానును తడుతుంది. తేడాగా పలికితే అప్పుడే, అక్కడే చెప్పేస్తాను. ఆ నాలుగు రోజుల సంగతి మాత్రం డైరీలో ఇవాళే రాశాను.