ఓనమాలకు పనికిరాని చెయ్యి

మా ఆయన అన్నగారికి, అంటే మా బావగారికి, పగలంతా ప్లాట్ల బేరాలు, ఆదివారం సాయంత్రం వేదాంతం. సిద్దిపేటలో మా మేడ మీద పదిమందో పన్నెండుమందో చేరతారు. ఆ కాసింత జనానికి వినిపించడానికి కూడా ఆయనకు మైకు కావాలి. మర్నాడు పొద్దున్నే అదే ఉపన్యాసం ముక్కలు ముక్కలుగా మా అందరి ఫోన్లకూ వాట్సాప్‌లో వచ్చి పడుతుంది. ఆత్మకు ఆడా మగా తేడా లేదు, పుట్టుక లేదు, చావు లేదు, జ్ఞానికి అందరూ సమానమే. గొంతు మాత్రం బాగుంటుంది, కాదనను.

నేను నారాయణరావుపేట వైపు ఒక బడిలో ఒకటో తరగతికి చెబుతాను. పిల్లల చేతులు పట్టుకుని అక్షరాలు దిద్దించడమే నా ఉద్యోగం. మా ఆయన పోయి రెండేళ్లయింది. పాపకు నాలుగేళ్లు నిండాయి కదా అని వర్గల్ సరస్వతి గుడిలో అక్షరాభ్యాసం పెట్టుకున్నాం. దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, పళ్లెంలో బియ్యం మీద దాని వేలు పట్టుకుని మొదటి అక్షరం నేనే రాయించాలని నా ఆశ. అంతకు మించి ఏమీ కోరలేదు.

బయల్దేరే ముందురోజు బావగారు నన్ను పిలిపించారు. పీటల మీద దంపతులే కూర్చోవాలట, శాస్త్రమట. కాబట్టి ఆయనా, ఆయన భార్యా, అంటే మా యారాలూ కూర్చుంటారట. నేను వెనక నిలబడి కళ్లారా చూసుకోవచ్చట. ఏ శాస్త్రంలో ఉందని అడిగితే పెద్దలు చెప్పారన్నారు. ఏ పెద్దలంటే ఫోన్ తీసి చూసుకున్నారు. ఆత్మకు చావే లేదని మైకులో చెప్పే మనిషి, మా ఆయన చచ్చిపోయాడని మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకున్నాడు. ఆత్మకు మొగుడూ పెళ్లామూ లేనప్పుడు ఇక విధవ ఎవరు బావా అని అడిగేశాను.

"గది వేదాంతం. గిది ఆచారం. రెండిటిని కలపకు" అన్నారు.

ఆయన లెక్కలో వేదాంతం మేడ మీద ఉండాలి, ఆచారం కింద ఉండాలి. మెట్లు దిగేటప్పుడు దాన్ని పైనే వదిలేసి వస్తారు కాబోలు.

వర్గల్ గుడిలో వరుసగా పళ్లేలు, పలకలు పెట్టి పిల్లలను కూర్చోబెట్టారు. బావగారు చెయ్యి పట్టుకోగానే పాప వేలు వెనక్కి లాక్కుంది. అమ్మే రాయించాలని మొండికేసి ఏడుపు అందుకుంది. పూజ చేయిస్తున్న పంతులుగారు అటు వచ్చి తల్లి ఎవరని అడిగారు. నేనే అన్నాను. మరి అక్కడెందుకు నిలబడ్డావమ్మా, వచ్చి ఒళ్లో కూర్చోబెట్టుకో అన్నారు ఆయన. నా ప్రాణం లేచివచ్చింది. ఒక అడుగు వేశాను కూడా. మా యారాలు పక్కకు జరిగి నాకు జాగా ఇచ్చింది, పాపం.

బావగారు చెయ్యి అడ్డం పెట్టి, ఈమెకు భర్త లేడని గొంతెత్తి చెప్పారు. ఆ హాలులో అందరికీ వినపడింది, మైకు అక్కర్లేకపోయింది. తల్లికి ఏ దోషమూ లేదన్నారు పంతులుగారు.

"మీకు లేకపోవచ్చు అయ్యగారు. మా ఇంట్ల ఉన్నది" అన్నారు మా జ్ఞాని.

గుడి కంటే, పంతులుగారి కంటే, ఆ చదువుల తల్లి కంటే ఈయన ఇంటి ఆచారం గొప్పది! నాకు ఒళ్లు మండిపోయింది. నోటిదాకా వచ్చిన మాట అనేసేదాన్నే. కానీ జనమంతా తిరిగి చూస్తున్నారు, పాప బెదిరిపోయి ఏడుపు కూడా ఆపేసింది. దాని మొదటి అక్షరం రచ్చలో కలిసిపోతుందని పళ్లు బిగబట్టుకుని వెనక్కి వచ్చాను. ఆయన దాని వేలు పట్టుకుని బియ్యం మీద గబగబా గీకించేసి, ఫోటోకు నవ్వారు. అంత అసహ్యమైన నవ్వు నేనింతవరకు చూడలేదు.

తిరుగు ప్రయాణంలో ఆయన ముందు సీట్లో, మేము ముగ్గురం వెనక. పాప చేతికి ఇంకా పసుపు అంటుకుని ఉంది. తుడుద్దామని పట్టుకోబోతే చటుక్కున వెనక్కి తీసుకుంది. పిడికిలి బిగించి గుండెకు ఆనించుకుని నా మొహంలోకి చూసింది.

"అమ్మా, నువ్వు ముట్టుకుంటే నాకు చదువు రాదా?"

"పెద్దబాపును అడుగు బిడ్డా. ఆయనకు అన్ని తెలుసు" అన్నాను.

అది నిజంగానే ముందుకు వంగి, ఆయన భుజం తట్టి, అదే మాట అడిగింది. మా యారాలు కూడా తలెత్తి మొగుడి వైపు చూసింది. బావగారు డ్రైవరుతో ఏసీ కొంచెం పెంచమన్నారు.

సిద్దిపేట చేరేదాకా పాప ఆ చెయ్యి నాకు ఇవ్వలేదు.