హద్దు దాటించిన గుర్రపుడెక్క

ఆ ఏడు వానాకాలపు సార్వా వరి కంకి పాలు పోసుకునే వేళకు ముసురు పట్టింది. మా వదినగారి ఎకరం చేలో నీళ్ళు నిలిచిపోయాయి. అన్నయ్య కువైట్‌లో ఉంటాడు కాబట్టి వ్యవసాయం ఆవిడదే. కొలతలు, లెక్కలు నావి. ఎవరి దగ్గరా నేర్చుకోకపోయినా, లెక్క తేలనిదే నాకు అన్నం సయించదు.

"ఈసారి గింజ చేతికి రాకపోతే రొయ్యల చెరువుకి ఇచ్చేస్తానండి. ఈ మురుగుతో ఎన్నాళ్ళని తగువాడను?" అని ఆవిడ ముందే చెప్పారు. చుట్టుపక్కల అప్పటికే చాలామంది ఇచ్చేశారు. ఉప్పునీరు ఒకసారి దిగిన నేల మళ్ళీ వరికి రావడం కష్టం.

చేను పక్కనే, చేలో నీరు దిగాల్సిన మురుగుకాలువ. దాన్నిండా గుర్రపుడెక్క. నీరు కనిపించదు, పచ్చటి పరుపు మీద ఊదా పూలు మాత్రం కనిపిస్తాయి. నా చిన్నప్పుడు అందులో కలువలు పూసేవి, కొరమేనులు దొరికేవి. ఇప్పుడు వెలుతురు దిగని ఆ నీళ్ళలో దోమలే మిగిలాయి.

గట్టున కర్ర పాతి, నీటి మట్టం దగ్గర గాటు పెట్టాను. మర్నాటికీ నీరు గాటు దిగలేదు.

మా వైపు ఒక అలవాటుంది. ఎవరి చేను వెంట ఉన్న డెక్కను వారు తమ హద్దు దాటేదాకా కిందికి తోసేస్తారు. గట్టుకెక్కించాలంటే నడుములు విరుగుతాయి, తోసేస్తే పూటలో తేలిపోతుంది. మేమూ కొబ్బరికాయలు దింపే దోటి గడలతో తోశాం. సాయంత్రానికి నీరు వేలెడు దిగింది.

"ఇలాగే దిగితే నాలుగు రోజుల్లో కంకులు తేరుకుంటాయి వదినగారూ," అన్నాను.

"ఆయ్, మీ లెక్క బానే ఉంది. కాలువకి కూడా చెప్పేరా మరిదిగారూ?"

మర్నాడు గాటు మునిగిపోయింది. కింద తూము దగ్గరికి వెళ్ళి చూస్తే మేం తోసిందీ, పైవాళ్ళు తోసిందీ, వాళ్ళ పైవాళ్ళదీ అంతా అక్కడ బిరడాలా బిగుసుకుంది. నీరు ఎంత దిగుతుందో లెక్కేశాను గానీ, డెక్క ఎక్కడికి పోతుందో లెక్కెయ్యలేదు.

తూము పక్క రైతు చుట్ట కాల్చుకుంటూ గట్టు మీద కూర్చున్నారు. "వచ్చేరా! మీ సామానంతా ఇక్కడే ఉందండి, పట్టుకెళ్ళండి."

"మాదొక్కటేనా బాబాయిగారూ?" అన్నారు వదినగారు.

"పేర్లు రాసి లేవు గదమ్మా. ముందొచ్చింది మీరే, మీ మీదే పెట్టేను."

అన్నారే గానీ ఆయనా చుట్ట పారేసి దిగారు. ముగ్గురం నడుంలోతు నీళ్ళలో నిలబడి లాగాం. ఒక్కో దుబ్బూ తడి గోనెంత బరువు. ఈసారి అంతా గట్టుకే ఎక్కించాం. పొద్దు వాలే వేళకు తూము గుడగుడమంది.

నాలుగైదు రోజులకు చేను మెరక వైపు సగం తేరుకుంది. పల్లం వైపు కంకులు నల్లబడిపోయాయి.

"సగం నిలిచింది," అన్నాను.

ఆవిడ ఒక నల్ల కంకి తుంచి అరచేతిలో నలిపారు. "ఇంకొక్క సార్వా చూస్తానండి. ఆ తర్వాత నన్నేమీ అడక్కండి."

అంతలో కాలువలో పైనుంచి ఒక దుబ్బు, పువ్వుతో సహా, తేలుతూ మా హద్దులోకి వచ్చింది. నేను గడతో దాన్ని కిందికి తొయ్యబోయాను. ఆవిడ నా చేతిలోంచి గడ తీసుకుని, దుబ్బును గట్టు మీదికి లాగారు.