నీళ్లలో ఊపిరాడని చేప

మొన్న మిరుగం ముందురోజు గద్వాల మార్కెట్టులో తడిసిన గోనెసంచి వాసన ముక్కుకు తగిలింది. పక్కనే మంచుపెట్టెల్లో చేపలు పేర్చి ఉన్నా, నా మనసు మాత్రం ధరూరు దగ్గరి మా ఊళ్లో, తొలివాన మట్టి వాసనలో, పచ్చిమామిడి ముక్కలు కోస్తున్న అమ్మ ముందు నాయిన బండి మీంచి దించిన సంచి దగ్గరికి పోయింది.

మృగశిర కార్తె మొదలయ్యే మిరుగం నాడు చేప తింటే ఏడాదంతా దమ్ము, అంటే ఉబ్బసం, దరి చేరదని మా వైపు నమ్మకం. మా ఇంట్లో ఆ కూర నాయనమ్మ కోసమే. మబ్బు పట్టిందంటే ఆమె ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. పడుకోలేక, గోడకు దిండు ఆనించుకొని కూర్చునేది. నేను పట్టుకొచ్చిన మిడత పొట్ట ఎగిసిపడుతుంటే "పాపం, దీనికి గుడ దమ్మే" అని జాలిపడేది. మిడత ముక్కుతో పనిలేకుండా పొట్ట పక్కనుండే సన్నటి రంధ్రాలతోనే గాలి పీల్చుకుంటుందని బడిలో విన్నప్పుడు నేను నోరు తెరిచాను.

ఒక ఏడాది మిరుగం ముందురోజు నాయిన తెచ్చినవి మూడు కొర్రమీన్లు. తడి సంచిలో, నీళ్లు లేకుండా, అంత దూరం బతికే వచ్చాయి. పొద్దున దాకా బతికుండాలని అమ్మ గంగాళం అంచుదాకా నీళ్లు నింపి, ఎగిరి పడకుండా పళ్లెం మూసి, పైన రాయి పెట్టింది. కాసేపటికి లోపల నుంచి ఠంగుఠంగున చప్పుడు.

అరుగు మీద ఆయాసపడుతున్న నాయనమ్మ చెవి రిక్కించింది. "రాయి తియ్యి బిడ్డా. వాటికి దమ్మాడ్తలేదు."

అమ్మ నవ్వింది. "నీళ్లల్ల ఉన్న చేపకు దమ్మాడకపోవుడేంది అత్తమ్మా!"

నాయనమ్మ గోడ పట్టుకొని లేచి వచ్చి, తనే రాయి దొర్లించింది. అప్పటికే ఒకటి వెల్లకిలా తేలింది. మిగిలిన రెండూ పైకొచ్చి, నోళ్లు తెరిచి, గాలి గుటకేసి, బుడగలు వదులుతూ కిందికి జారాయి. మళ్లీ వచ్చాయి. కొర్రమీనుకు మొప్పలొక్కటే చాలవనీ, పైకొచ్చి గాలి మింగకపోతే నీళ్లలోనే మునిగి చస్తుందనీ ఆ రోజు మా కళ్ల ముందే తెలిసింది. నాయనమ్మ గంగాళం పక్కనే కూలబడి, చేప పైకొచ్చినప్పుడల్లా తనూ నోరు తెరిచి గాలి పీల్చింది.

చచ్చినదాన్ని ఆ పూటే వండారు. బతికిన రెండింటినీ నాయనమ్మ తెల్లారి నాయినతో బాయిలో వదిలించింది. "మిరుగం నాడు నువ్వే తినకుంటె ఎట్లనే అవ్వా?" అని నాయిన గొణిగాడు. "దమ్ము కోసం కొట్లాడేటిదాన్ని తిని, నేను దమ్ము తెచ్చుకోవాల్నా?" అంది.

ఇప్పుడు ఆ బాయి పూడిపోయింది. చేపలు కోసి, కడిగి, కవర్లో ఇస్తున్నారు. ఇంట్లో ఒక్క పూటైనా వాటిని బతికించుకునే పని లేదు. నాయనమ్మ పోయి చాలా ఏళ్లయింది. మేమంతా హాయిగా వెల్లకిలా పడుకుంటాం. ఇంట్లో ఎవరి ఊపిరీ ఎవరికీ వినిపించదు. అది ఎంత పెద్ద వరమో, ఆమె లేచి కూర్చున్న రాత్రుల్లో నాకు తెలియలేదు.