పదకొండు పెన్‌డ్రైవుల భారతం

పాకాలలో గంగాధరానిది మైకుసెట్ అంగడి. ఎండాకాలం వస్తే చుట్టుపక్కల పల్లెల్లో భారతం పెడతారు. పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి నాటకం. హరికథకు మైకు కట్టేది చాలా ఊళ్లలో ఆయనే. పదిహేనేళ్లుగా ప్రతి కథనూ రికార్డు చేసి పెట్టుకున్నాడు. ఎవరూ అడిగింది లేదు, ఆయనకు వినడం ఇష్టం.

రికార్డు చేయడమే కానీ పేరు పెట్టే అలవాటు లేదు. రికార్డు మిషన్ వేసిన అంకెలే పేర్లు. మిషన్‌లో మెమరీ కార్డు నిండితే పెన్‌డ్రైవులోకి, అది నిండితే కంప్యూటర్‌లోకి, పోతాయేమోనన్న భయంతో మళ్లీ ఇంకో పెన్‌డ్రైవులోకి ఎక్కించేవాడు. ‘కొత్తది’, ‘కొత్తది 2’, ‘అసలు కొత్తది’ అని ఫోల్డర్లు.

మొన్న మాఘమాసంలో హరికథ చెప్పే అలివేలమ్మ ఫోన్ చేసింది. గొంతు ఆపరేషన్ తర్వాత ఆమెకు మాటే సన్నగా వస్తుంది, పాట రాదు. శిష్యురాలు రూపశ్రీకి బకాసుర వధ నేర్పాలి, తాను చెప్పిన పాత రికార్డు ఉంటే ఇమ్మంది. రేపే తెస్తానని గంగాధరం మాటిచ్చేశాడు.

నాలుగు రోజులు వెతికాడు. ఒకే కథ ఐదు చోట్ల కనిపిస్తోంది, కావలసింది కనిపించడం లేదు. విసుగెత్తి ఒక ఫోల్డర్ మొత్తం చెరిపేయబోతుంటే, తిరుపతిలో ఉద్యోగం చేసే కూతురు మహిత ఆదివారం ఇంట్లో ఉండి ఆపింది.

“వినకుండా ఏదీ తీసేయొద్దు నాయనా. ముందు అన్నీ ఒకచోటికి చేరుద్దాం.”

కంప్యూటర్‌లోవీ, పదకొండు పెన్‌డ్రైవుల్లోవీ ఒకే హార్డ్‌డిస్క్‌లోకి చేర్చింది. అచ్చంగా ఒకేలా ఉన్న కాపీలు తీసేస్తే రెండువేల చిల్లర ఫైళ్లు ఏడువందలయ్యాయి. సంవత్సరం, ఊరు, ఎన్నో రోజు, కథ, చెప్పినవాళ్లు, ఈ వరసలో పేరు పెట్టమని చెప్పి వెళ్లిపోయింది.

మిషన్‌లో తేదీ ఎప్పుడూ సరిచేయలేదు కాబట్టి ప్రతిదీ విని తేల్చుకోవాలి. రైలు కూత వినబడితే పట్టాల పక్క ఊరు. మరమగ్గాల చప్పుడుంటే నగరి వైపు. కథకులను దగ్గుతోనే గుర్తుపట్టాడు. సంవత్సరం తెలియనివి ముప్పై దాకా మిగిలాయి. వాటిని వేరే ఫోల్డర్‌లో ఉంచాడు.

నలభయ్యో రోజున బకాసుర వధ దొరికింది, సగమే. బండెడన్నం తోలుకొని భీముడు పొలిమేర దాటే దగ్గర ఆగిపోయింది. మిషన్ వేరే ఫైలుగా వేసిన రెండో ముక్క ఏమైందో ఆయనకప్పుడు గుర్తొచ్చింది. ఆ కథ రికార్డు చేసిన సాయంత్రమే పెళ్లి ఊరేగింపుకు సినిమా పాటలు ఎక్కించాలి, కార్డులో చోటు లేదు. చివరి ఫైలు తానే తీసేశాడు.

కార్డు చెడిపోయిందని చెప్పొచ్చు. అలివేలమ్మ ఇంటిదాకా అదే అనుకుంటూ వెళ్లాడు. ఆమె ఎదురుగా కూర్చున్నాక ఆ మాట నోట రాలేదు.

“సగమే ఉండాదమ్మా. కడమ నేనే తీసేసినాను, పాటలకు చోటు లేదని.”

ఉన్నంతవరకూ పెట్టమంది ఆమె. తన గొంతు తాను వింటూ తొడమీద తాళం వేసింది. ఒకచోట తాళం తప్పానని గొణిగింది. అయిపోయాక, పక్కనే కూర్చున్న రూపశ్రీని చూపిస్తూ గంగాధరం వైపు తిరిగింది.

“కడమ నాకు నోటికొచ్చు. నేను చెప్తా, ఈ పాప పాడతాది. రేపు మిషన్ తెచ్చుకో.”

నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. ఆమె సన్నగా పంక్తి చెప్పడం, రూపశ్రీ పాడడం, ఆమె తల అడ్డంగా ఊపితే మళ్లీ పాడడం. గంగాధరం ఏమీ కత్తిరించలేదు. ఫైలుకు ఇద్దరి పేర్లూ పెట్టాడు.

వైశాఖంలో పాకాల దగ్గరి పల్లెలో రూపశ్రీ బకాసుర వధ చెప్పింది. మధ్యలో ఒక వచనం మరిచిపోయి, కొంచెం వెనక్కు వెళ్లి అందుకుంది. ముందు వరసలో కూర్చున్న అలివేలమ్మ తల అడ్డంగా ఊపలేదు. మరునాడు పొద్దున పక్క ఊరి పెద్దలు రూపశ్రీ ఫోన్ నంబరు కోసం గంగాధరం అంగడికి వచ్చారు.