ముందుగదిలో హెస్సీ పిన్ని

అమెరికాలో జార్జియా రాష్ట్రపు ఒక పత్తిమిల్లు ఊళ్లో నల్లవాళ్లలో మొట్టమొదటి పళ్ళ డాక్టరు లవీనియా టగుల్. 1931లో మంగలి దుకాణం పైన రెండు గదుల్లో ఆసుపత్రి తెరిచింది. తల్లిలేని లవీనియాను పెంచి, తెల్లవాళ్ల బట్టలుతికి, ఇస్త్రీలు చేసి నాష్‌విల్‌లో పళ్ళ వైద్యం చదివించింది హెస్సీ పిన్ని.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఆ పిన్నే దవడ వాచి వచ్చి ముందుగదిలో కూర్చుంది. అంతలో వెనక మెట్లెక్కి మిల్లు యజమాని, తెల్లవాడు క్రెన్షా వచ్చాడు. తెల్లవాళ్ల పళ్ళ డాక్టరు ఊళ్లో లేడట.

"నేనిక్కడికి వచ్చినట్టు ఎవరికీ తెలియకూడదు" అన్నాడు.

అంతటి మనిషి తన కుర్చీలో నోరు తెరుచుకుని పడుకునేసరికి లవీనియాకు గర్వంతో ఒళ్లు పులకరించింది. పావుగంట పనిని గంటన్నర చేసింది. నొప్పి లేని పళ్లు కూడా మెరిసేలా తోమింది.

"నీ చెయ్యి తేలికే పిల్లా" అన్నాడు క్రెన్షా. ఆ 'పిల్లా' అన్న మాటకు కూడా నవ్వింది.

మధ్యలో ఒకసారి ముందుగదిలోకి తొంగిచూసింది.

"ఇంకాస్త ఓర్చుకో పిన్నీ. రైల్వే కూలీ, పాపం దవడ విరిగింది."

క్రెన్షా వెళ్లాక చూస్తే ముందుగదిలో పిన్ని కూర్చున్న బల్ల ఖాళీ. కిందికి పరిగెత్తింది.

"పిన్ని వెళ్లిపోయిందమ్మా" అన్నాడు మంగలి ఎల్‌రాయ్, కత్తి తుడుస్తూ. "తలుపు సందులోంచి చూసిందట. 'ఆ కూలీ చొక్కా నిన్న నేనే ఇస్త్రీ చేశాను' అంది."

సాయంత్రం లవీనియా పనిముట్ల సంచీ పట్టుకుని పిన్ని ఇంటికి వెళ్లింది. దవడకు గుడ్డ కట్టుకుని వరండాలో కూర్చుని ఉంది హెస్సీ.

"డాక్టరమ్మగారు మా ఇంటికే వచ్చారే! కుర్చీ తుడవనా?"

"తప్పయిపోయింది పిన్నీ."

"ఆయన నాకన్నా ముందొచ్చాడా?"

"లేదు."

"నాకన్నా నొప్పా?"

"కాదు."

"మరి?"

లవీనియా తలెత్తలేకపోయింది. "అలాంటివాడు నా దగ్గరికి వచ్చాడని... గొప్పగా అనిపించింది."

హెస్సీ గుడ్డ విప్పి, "ముందు పన్ను పీకవే. నోరు కుదుటపడ్డాక తిడతాను" అంది.

పీకింది. పిన్ని ఆ తర్వాత ఆ సంగతి మీద ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేదనిపించింది.

నెల తర్వాత క్రెన్షా మళ్లీ వెనక మెట్లెక్కాడు.

"ముందుగదిలో కూర్చోండి. మీకన్నా ముందు నలుగురున్నారు" అంది లవీనియా. అతను విసురుగా దిగిపోయాడు. ఆ వారం ఎవరో కిటికీ అద్దం పగలగొట్టారు. కొత్త అద్దం వేయించుకుని, అక్కడే ముప్పైనాలుగేళ్లు వైద్యం చేసింది.

హెస్సీ మాత్రం మళ్లీ ఆసుపత్రికి రాలేదు. పన్ను నొప్పెడితే కబురు పంపేది, లవీనియానే వెళ్లేది.

"ఒక్కసారి వచ్చి చూడు పిన్నీ, కొత్త కుర్చీ తెప్పించాను" అందొకసారి.

"మోకాళ్ల నొప్పులమ్మా, మెట్లెక్కలేను."

ఆ ఆదివారం హెస్సీ చర్చి మెట్లు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కింది. లవీనియా వెనకే ఉంది, చూసింది. మళ్లీ ఎప్పుడూ రమ్మనలేదు.