మోటారు వెనక వాషర్లు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఏన్కూరులో బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపు నాది. కాలిన మోటారు తెచ్చి, నిన్నటిదాకా మంచిగనే నడిచిందనే రైతుల మీద రోజూ అరుస్తూనే ఉంటాను. అలాంటివాణ్ణి ఒక చలికాలమంతా నోరు కట్టేసుకుని బతికాను. మా ఆవిడ కోసం, అందులోనూ ఆమె ఎడమచేతి బొటనవేలి కోసం.

ముందు విమానం సంగతి చెప్పాలి. ఖమ్మంలో ఉండే మా బామ్మర్ది సరదాపడి రిమోట్‌తో ఎగిరే విమానం కొన్నాడు. తేలిక చెక్కతో చేసింది, గాలిలో పల్టీలు కొట్టే రకం. వారం తిరక్కుండానే నేలకేసి కొట్టి, బాగుచేయమని తెచ్చి నా షాపులో పడేశాడు. విరిగిన చెక్కలు నేను అతికించాను. రెక్కల మీది రంగు ఫిల్మ్‌ను మా ఆవిడ ఇస్త్రీపెట్టెతో అంటించింది. జాకెట్లు కుట్టే చెయ్యి కదా, ఒక్క ముడత రాలేదు. బామ్మర్ది ఇచ్చిన కంప్యూటర్ ఆటలో ఇద్దరం నెలల తరబడి ఎగరేయడం నేర్చుకున్నాం. ఆ ఆటలో కూడా నేను కూల్చేవాణ్ణే, ఆమె కూల్చేది కాదు. అందుకే ఎగరేయడం ఆమె పని, స్క్రూలు బిగించడం నా పని అయింది. బామ్మర్దికి విమానం మళ్లీ దక్కలేదు.

అడవి అంచున పంట వేయని బీడు చేను మా మైదానం. ఆమెకు అన్నిటికన్నా ఇష్టమైనది ఒకటుంది. విమానాన్ని నిట్టనిలువుగా పైకి పంపుతుంది. ఊపు అయిపోయి అది గాలిలో ఆగబోతుందనగా, ఎడమ బొటనవేలితో తోకను ఒక్క తోపు తోసి, ముక్కు కిందికి మళ్లించి, పోయిన దారినే దింపుతుంది. మా ఇంట్లో దాని పేరు తిప్పుడు.

ఆ ఏడు వానాకాలంలో చికున్‌గున్యా వచ్చి ఊరు ఊరంతా మంచమెక్కింది. ఆమెకు జ్వరం తగ్గింది గానీ కీళ్లనొప్పులు వదలలేదు. మిగతా కీళ్లన్నీ సర్దుకున్నాక కూడా ఎడమ బొటనవేలు సరిగ్గా వంగలేదు. చలికాలం మొదట్లో మళ్లీ చేనుకు వెళ్లాం. విమానం పైకి పోతూ పోతూ ఎడమకు ఒరిగింది. ఆమె దింపేసి, మోటారు వంకరగా ఉన్నట్టుంది, చూడమంది.

చూశాను. మోటారు నిక్షేపంగా ఉంది. నేను బిగించిన మోటారుకు వంక పెడితే ఒళ్లు మండదా మరి! రెండోసారి ఎగరేసినప్పుడు విమానాన్ని వదిలేసి ఆమె వేలిని చూశాను. రిమోట్‌లో ఎడమ పుల్లను పైకి తోస్తే మోటారు జోరందుకుంటుంది, పక్కకు తోస్తే తోక తిరుగుతుంది. వంగని వేలు పైకి తోస్తూనే ఎడమకు జారుతోంది. విమానం దాని మాటే వింటోంది.

మాట నోటిదాకా వచ్చింది. ఇంటికి పోయాక కడిగేద్దామనుకున్నాను. తీరా చూస్తే ఆమె వంటింట్లో వేడి ఉప్పునీళ్ల గిన్నెలో వేలు ముంచుకుని, బామ్మర్దితో ఫోన్ మాట్లాడుతోంది.

"ఇగ నా చెయ్యి రాకుంటే ఆ విమానం నువ్వే తీస్కపోరా తమ్ముడూ. ఉత్తగ చూస్కుంట కూసోలేను."

నన్ను చూసి గిన్నె పక్కకు నెట్టింది. సూది గుచ్చుకుందని చెప్పింది. నా ప్రాణం ఉసూరుమంది. వేలిదే తప్పని నేనంటే ఇక ఆమె రిమోట్ ముట్టదు, విమానం తమ్ముడికి ఇచ్చేస్తుంది.

మర్నాడు షాపులో మోటారు వెనక, ఎడమవైపు బోల్టుల కింద పలుచటి వాషర్లు పెట్టాను. మోటారు ముక్కు ఒక రవ్వ కుడికి తిరిగింది. ఆమె వేలు ఎడమకు ఎంత లాగుతుందో మోటారు కుడికి అంత లాగాలని నా లెక్క. చేనులో విమానం నిలువుగా పోయింది. "చెప్పిన గద, మోటారేనని" అంది. అవునన్నాను. జన్మలో మొదటిసారి నా పనిలో లేని తప్పు ఒప్పుకున్నాను.

అది చాలక తర్వాత మరో జత పెట్టాను. బామ్మర్ది వచ్చి ఒక్కసారి ఎగరేస్తానని బతిమాలినా బ్యాటరీ పాడైందని పంపేశాను. వేరే చేతిలో అది కుడికి పోతే గుట్టంతా బయటపడదూ! ఇంత చేసినా తిప్పుడు మాత్రం ఆమె చేయలేదు. పైకి పంపడం, ఆగకముందే వంచి తెచ్చేసుకోవడం. నేను అడగలేదు.

ఇప్పపూలు రాలే రోజులొచ్చాయి. ఒక పొద్దున విమానం పైకి పోతూ కుడికి ఒరిగింది. ఆమె దింపి, విసురుగా నా దగ్గరికి వచ్చింది.

"ఏం జేసినవయ్యా దీన్ని? కుడికి గుంజుతాంది."

అంటే వేలు ఇక ఎడమకు జారడం లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత మంచి తిట్టు నేనెన్నడూ తినలేదు. స్క్రూడ్రైవర్ తీసి, మోటారు విప్పి, వాషర్లన్నీ ఆమె చేతిలో పోశాను. ఎప్పుడు పెట్టానో, ఎందుకు పెట్టానో చెప్పాను. ఆమె వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టింది. తర్వాత బొటనవేలిని వంచింది, చాచింది, మళ్లీ వంచింది.

"నాకు చెప్పొద్దా?"

"చెప్తే ఎగరేసేదానివా?"

ఆమె వాషర్లను కొంగున ముడేసుకుంది. మోటారు బిగించమంది. బిగించాను.

విమానం లేచింది. చేను మీద ఒక చుట్టు తిరిగాక దాని గొంతు మారింది. నిలువుగా పోతోందని తెలిసింది. తర్వాత మోటారు చప్పుడు సన్నగిల్లింది. ఆమె వేలు ఒక్క తోపు తోసి, మెత్తగా వెనక్కి వచ్చింది.

"చూసినవా తిప్పుడు?" అంది ఆమె.

"చూసిన" అన్నాను. విమానం వంక నేను ఒక్కసారి కూడా తలెత్తలేదు.