బుగ్గ లోపలి తెల్ల మచ్చ

రోజూ ఉదయం వార్డుకు వెళ్ళే ముందు కోనియో ఆసుపత్రి గేటు పక్కన నిలబడి ఒక పచ్చి వక్క కొరికి, తమలపాకు తీగకు కాసే సన్నటి కాయను సున్నంలో అద్దుకుని నమిలేది. ఎర్రటి ఉమ్మి డబ్బాలో ఊసి, నీళ్ళు పుక్కిలించి, వేలితో పళ్ళు రుద్దుకునేది. దేశ రాజధాని పోర్ట్ మోర్స్‌బీలో వక్క నమలనివాళ్ళు తక్కువ. కాకపోతే కోనియో వైద్యవిద్య నాలుగో ఏడు చదువుతోంది. వక్కా సున్నమూ కలిసి నోటినేం చేస్తాయో పరీక్షలో రెండు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకుంది.

ఆ రాసిందే మూడు నెలలుగా తన ఎడమ బుగ్గ లోపల కనబడుతోంది. చిన్న తెల్ల మచ్చ. గోకినా పోదు. పళ్ళ విభాగం కింది అంతస్తులోనే ఉంది. కానీ అక్కడి డాక్టరే ఆమెకు ఆ పాఠం చెప్పిన మాస్టారు. రెండుసార్లు మెట్ల దాకా వెళ్ళి తిరిగొచ్చింది.

ఆ వారం ఆమెకు అప్పగించిన రోగి మేయా, హనువాబాదా అనే ఊరి ముసలమ్మ. బుగ్గలో పుండు. ముక్క తీసి పరీక్షకు పంపుదామంటే ససేమిరా అంటోంది.

"ఒక్క చిన్న ముక్కే బుబూ. నీ మనవరాలిలాంటిదాన్ని, నా మాట విను."

"మనవరాలివైతే ముందు నీ నోరు తెరువు, చూద్దాం."

"నాదెందుకు?"

"గేటు దగ్గర నీకు వక్కలమ్మేది మా తోడికోడలే!"

పక్క మంచాలవాళ్ళు పకపకా నవ్వారు. "డాక్టరమ్మ దొరికిపోయిందిరోయ్!"

కోనియో చెవులు వేడెక్కాయి. ముసలమ్మ మాత్రం నవ్వలేదు. టార్చి ఇమ్మని చెయ్యి చాచింది. కోనియో ఇచ్చి, నోరు తెరిచింది.

మేయా చాలాసేపు చూసింది.

"నాదీ ఇలాగే మొదలైంది. నొప్పి లేదు కదా అని ఊరుకున్నా. నాకైతే తెలీదు. అన్నీ చదివిన నీకేమైందే పిల్లా?"

"సిగ్గేసింది బుబూ."

"ఆ కిందాయన చూడని నోళ్ళా? పద, నేనూ వస్తా. నీది ముందు చూపించు. తర్వాత నాది కోసుకోమను."

ఇద్దరూ మెట్లు దిగారు. మాస్టారు చేతులు కడుక్కుని, ఇద్దరి బుగ్గల్లోంచీ ముక్కలు తీశారు. మేయాది క్యాన్సరు. ఆపరేషన్ తర్వాత రెండేళ్ళు బతికింది. కోనియోది ఇంకా అంతదాకా పోలేదు.

ఇప్పుడు కోనియో కెరెమా అనే చిన్న ఊళ్ళో డాక్టరు. ఆరు నెలలకోసారి రాజధానికి వచ్చి నోరు చూపించుకుని వెళ్తుంది.